టెక్ సందేహాలు: డైనమిక్స్ పేపర్‌కి కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరాను. క్లాసికల్ డైనమిక్స్ పేపర్ మొదలైంది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ ఉంది. లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్ కోసం కొత్తది కొనాలంటున్నారు స్నేహితులు. నిజమేనా?

జవాబు: కొనొద్దు. బ్రౌజర్ తెరుచుకుంటే చాలు, గూగుల్ కొలాబ్ అనే సైట్‌లో పైథాన్ భాషలో ప్రోగ్రామ్‌లు రాసుకోవచ్చు. లెక్క చేసేది గూగుల్ సర్వర్లు, మీ ల్యాప్‌టాప్ కాదు. నెట్ సరిగా రాని చోట ఉంటే ఆక్టేవ్ అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి. అది ఉచితం, రాసే తీరు దాదాపు మ్యాట్‌ల్యాబ్‌దే.

రెడీమేడ్ యానిమేషన్లతో మాత్రం మొదలుపెట్టొద్దు. అవి చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో చెయ్యి కదలదు. లఘులోలకం ప్రోగ్రామ్ మీరే రాయండి, 20 లైన్లకు మించదు. దారం మీటరు, మొదటి కోణం 10 డిగ్రీలు (రేడియన్లలోకి మార్చాలి, పైథాన్‌లో సైన్‌కి రేడియన్లే ఇవ్వాలి), కాలం 0.01 సెకను చొప్పున ముందుకు. ప్రతిసారీ కోణాన్ని బట్టి త్వరణం, దాన్నుంచి వేగం, వేగంతో కొత్త కోణం.

చాలామంది తప్పేది ఇక్కడే. కోణాన్ని పాత వేగంతోనే కదిపితే, ఎవరూ తోయకుండానే ఊపు పెరిగిపోతుంది. పది సెకన్లకే శక్తి రెట్టింపు దాటుతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో కోణం కదపండి. వరస ఒక్కటి మారితే చాలు, శక్తి మొదటి విలువ దగ్గరే నిలుస్తుంది. అందుకే ఏ ప్రోగ్రామ్ రాసినా మొత్తం శక్తికి ఒక గ్రాఫ్ గీయండి. శక్తి నిత్యత్వం మీ ప్రోగ్రామ్‌కి ఎగ్జామినర్ లాంటిది.

ఆవర్తన కాలం సుమారు 2 సెకన్లు రావాలి. తర్వాత మొదటి కోణం 60 డిగ్రీలు పెట్టి చూడండి, దాదాపు 7 శాతం పెరుగుతుంది. క్లాసులో సైన్ తీసేసి కోణమే రాసుకున్నది చిన్న ఊపులకే ఎందుకు సరిపోతుందో అప్పుడు కళ్లముందుంటుంది.

ప్రశ్న: ల్యాబ్ దొరకని రోజుల్లో ఫోన్‌తో ఏమైనా కొలవొచ్చా? (చిత్తూరు నుంచి)

జవాబు: భేషుగ్గా. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం, ఫోన్ సెన్సర్ల రీడింగులు నేరుగా చూపిస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగేటప్పుడు ఫోన్‌ను కదలకుండా పట్టుకుని గైరోస్కోప్ (ఫోన్ తిరిగే వేగాన్ని కొలిచే సెన్సర్) ఆన్ చేయండి. కోణీయ వేగాన్ని జీపీఎస్ చూపే వేగంతో గుణిస్తే అభికేంద్ర త్వరణం (మలుపు కేంద్రం వైపు ఉండే త్వరణం) వస్తుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 20 కిలోమీటర్ల వేగానికి అది సుమారు 2 మీ/సె². చవక ఫోన్లు కొన్నింటిలో గైరోస్కోప్ ఉండదు, యాప్‌లో ఆ ప్రయోగం తెరిచి ముందే చూసుకోండి.