నీళ్లు పట్టే సీసా గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సముద్రం లోతుల్లోంచి నీళ్లు పట్టి తెచ్చే సీసాకి నువ్వు గీసి పంపిన డ్రాయింగు చూశాను. మోటారు, సర్క్యూటు బాగున్నాయి. సీసా మీదే మనసు పెట్టలేదమ్మా. సీసాతోపాటు దిగే సెన్సార్ ఉప్పదనం గురించి చెప్పింది నిజమో కాదో తేల్చేది పైకొచ్చిన ఆ నీళ్లే. అవి ఆ లోతువి కాకపోతే ఉప్పదనం కొలిచే సాలినోమీటర్ ఎంత మంచిదున్నా దండగ.

సీసా రెండు వైపులా గొట్టమంత వెడల్పుగా తెరుచుకోవాలి. నువ్వు గీసిన సన్న నోటితో పైనీళ్లు లోపలే చిక్కుకుని కిందిదాకా వస్తాయి. నోరు పెద్దదైనా సరే, మూసే ముందు ఆ లోతులో అర నిమిషమో నిమిషమో ఆగాలి. సీసా మధ్యభాగం సెన్సార్ ఎత్తులోనే ఉండేలా బిగించు. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి నీళ్లు పైన పొరలా పరుచుకుంటాయి, కొద్ది మీటర్లలోనే ఉప్పదనం మారిపోతుంది. అందుకే ఉప్పదనం సరిచూడ్డానికి మార్పు తక్కువుండే లోతు నీళ్లనే నమ్ముకో.

గోడ అంత మందం ఎందుకు? 2000 మీటర్ల దగ్గర ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 200 రెట్లు ఉంటుంది, నిజమే. కానీ సీసా తెరిచే దిగుతుంది కదా, లోపలా బయటా ఒకే ఒత్తిడి. ఆ మందం మూసే దిగే మోటారు డబ్బాకి కావాలి. పైకొచ్చేటప్పుడు లోపలి నీళ్లు ఒక శాతం దాకా వ్యాకోచిస్తాయి కాబట్టి మూతల్ని బోల్టులతో బిగించకు, సాగే రబ్బరుతో లాగి ఉంచు.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదని బాలానగర్ లేత్ షాపుల్లో ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. 316 అనే మేలు రకమైనా బోల్టు తల కింద నీళ్లు నిలిచే సందులో గుంటలు పడుతుంది. అది అల్యూమినియానికి తగిలే చోట ప్లాస్టిక్ వాషర్ వెయ్యి.

లీకు పరీక్షకు వైజాగ్ దాకా పోనక్కర్లేదు, డాబా మీద నీళ్ల డ్రమ్ము చాలు. సీసాని ముంచి, మూసి, పైకి తీసి, పైన గాలి వెళ్లే రంధ్రాన్ని మూసే స్క్రూ బిగించి కింది కుళాయి తెరువు. నాలుగు చుక్కలు పడి ఆగిపోవాలి. ధారగా కారుతూనే ఉంటే పైమూతో ఆ స్క్రూనో గాలి పీలుస్తోందన్నమాట.

కుళాయి కింద చెయ్యి, చిన్న గాజుసీసా, రబ్బరు ట్యూబు పట్టేంత జాగా వదులు. ఆక్సిజన్ నమూనా ముందు పట్టాలి, ట్యూబు అడుగుదాకా పెట్టి, బుడగ రాకుండా, పొర్లిపోయేదాకా. తర్వాత ఉప్పదనం సీసా, అదే నీళ్లతో మూడుసార్లు కడిగాక.

డ్రాయింగు మార్చి మళ్లీ పంపు. మూతల దగ్గర నీళ్లు కారకుండా వేసే రబ్బరు ఓ-రింగులకి రాణీగంజ్ వెళ్లేటప్పుడు నన్నూ పిలు.

మీ మామయ్య