మొదటి మెడిటరేనియన్ క్రూజ్: షిప్ వాళ్ల టూర్లు కొనకుండా సొంతంగా ఊళ్లు చూడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జెనోవాలో ఎక్కి రోమ్, పలెర్మో, వలెట్టా, బార్సిలోనా, మార్సెయ్ చూసుకుని మళ్లీ జెనోవాలోనే దిగే ఏడు రాత్రుల క్రూజ్. మీరిద్దరూ డల్లాస్ నుంచి, అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. షిప్ వాళ్లు అమ్మే టూర్లు నలుగురికీ లెక్కేస్తే గుండె గుభేలుమంటోంది, సొంతంగా వెళ్తే షిప్ వదిలేసి వెళ్లిపోతుందేమోనని టెన్షన్.

మేము దాదాపు ఇదే రూట్లో మా అత్తయ్య, మావయ్యలతో, పిల్లలతో వెళ్లొచ్చాం. నా సలహా ఏమిటంటే, రోమ్ ఒక్కదాని సంగతి కాస్త ఆలోచించుకుని, మిగతా ఊళ్లన్నీ సొంతంగానే తిరగండి. డబ్బు మిగలడం ఒక ఎత్తు. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు మనకు నచ్చిన చోట కూర్చుని, బాత్రూం కనిపించినప్పుడు ఆగి, ఓపిక అయిపోతే వెనక్కి వచ్చేయగలగడం ఇంకో ఎత్తు. గైడు జెండా పట్టుకుని ముందు పోతుంటే నలభై మందితో సమానంగా నడవడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి నరకం.

షిప్ వదిలేసి వెళ్లిపోతుందా అంటే, వెళ్లిపోతుంది. అందులో మొహమాటాలు ఉండవు. షిప్ వాళ్ల టూరు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆగుతారు, ఆగలేకపోతే తర్వాతి ఊరికి వాళ్ల ఖర్చుతోనే చేరుస్తారు. మన టాక్సీ ఇరుక్కుంటే అది మన తలనొప్పి. అందుకే ప్లాన్ వెనక నుంచి వేయాలి. ముందు రోజు రాత్రి గదికి ఒక కాగితం వస్తుంది, యాప్‌లోనూ ఉంటుంది. అందులో షిప్ బయల్దేరే టైము కాదు, అందరూ లోపల ఉండాల్సిన టైము చూడండి. మామూలుగా అది బయల్దేరడానికి అరగంట ముందు ఉంటుంది, కొన్నిచోట్ల గంట ముందు. దానికి ఇంకో గంటన్నర ముందే రేవు గేటు దగ్గర ఉండేలా లెక్కేసుకోండి. తిరుగు రైలు ఎంచుకునేటప్పుడు నేను పెట్టుకున్న కండిషన్ ఒకటే: ఆ రైలు తప్పిపోయినా వెనక ఇంకో రెండు రైళ్లు ఉండాలి, ఆ రెండోదెక్కినా షిప్ అందాలి. అలా కుదరని ఊరైతే షిప్ వాళ్ల టూరుకే వెళ్లాలి, లేదా రేవు చుట్టుపక్కల తిరిగి రావాలి.

అదే కాగితంలో కింద రేవు ఏజెంటు, అంటే ఆ ఊళ్లో షిప్ తరఫున పనులు చూసే మనిషి ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. ఖర్మ కాలి షిప్ తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే. దిగగానే షిప్ ఆగిన చోటును మ్యాప్‌లో సేవ్ చేసుకోండి. పెద్ద రేవుల్లో అయిదారు షిప్పులు ఒకేలా కనిపిస్తాయి, టాక్సీ అతను ఏ టెర్మినల్ అని అడుగుతాడు. మీ రూట్లో ఇటలీ, మాల్టా, స్పెయిన్, ఫ్రాన్స్ నాలుగింటికీ ఒకటే టైము కాబట్టి గడియారం గొడవ లేదు. ఎప్పుడైనా గ్రీసు వైపు వెళ్తే అక్కడ గంట ముందుంటుంది. అప్పుడు ఫోన్ ఒక టైము, షిప్ ఒక టైము చూపించొచ్చు.

ఇక రోమ్. బ్రోషర్‌లో రోమ్ అని రాస్తారు కానీ షిప్ ఆగేది చివితావెక్కియాలో. అక్కణ్నుంచి రోమ్ 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. షిప్ దిగగానే ఉచిత బస్సులో రేవు బయట లార్గో దెల్లా పాచె అనే చోటికి తెస్తారు. అక్కడ టికెట్ కొని ఊరి బస్సెక్కితే రైల్వే స్టేషన్. పొద్దున్నే మూడు నాలుగు షిప్పుల జనం ఒకేసారి ఆ స్టేషన్ మీద పడతారు. టికెట్ మిషన్ల ముందు క్యూ, ఆ మిషన్ల పక్కనే ‘సాయం చేస్తాం’ అంటూ తిరిగే మనుషులు. వాళ్లకు దూరంగా ఉండండి. ఫోన్లోనే రైల్వే యాప్‌లో కొనేస్తే సరిపోతుంది. రీజినల్ రైలుకు రిజర్వేషన్ అక్కర్లేదు, ముందు కొన్నా అప్పుడే కొన్నా రేటు ఒకటే, కాబట్టి తొందరపడి ముందే కొనాల్సిన పని లేదు. కాగితం టికెట్ తీసుకుంటే మాత్రం ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి. లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు. యాప్‌లో కొన్నదానికి చెక్-ఇన్ నొక్కాలి.

అందరూ చివరిదాకా, తెర్మిని స్టేషన్ దాకా వెళ్తారు. అంత దూరం పోనక్కర్లేదు. వాటికన్ చూడాలనుకుంటే సాన్ పియెత్రోలో దిగండి, ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. చిన్న స్టేషన్. బయటికొచ్చి మెల్లగా నడిచినా పావుగంటలో సెయింట్ పీటర్స్ అనే పెద్ద చర్చి ముందున్న చౌరస్తా. కొలోసియం కావాలంటే ఇంకాస్త ముందుకెళ్లి ఓస్తియెన్సెలో దిగి, పక్కనే ఉన్న పిరమిదె స్టేషన్లో మెట్రో బి లైను ఎక్కండి, రెండో స్టాపే కొలోసియం. ఈ రెండింట్లో ఒక్కటే పెట్టుకోండి. రెండూ చూసేద్దాం, మధ్యలో త్రేవి ఫౌంటెన్‌లో నాణెం వేసేద్దాం అనుకుంటే నాన్నగారి మోకాళ్లు సాయంత్రానికి మాట వినవు.

మేము సెయింట్ పీటర్స్ ఎంచుకున్నాం. బసిలికా, అంటే ఆ చర్చి లోపలికి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రం చౌరస్తా చుట్టూ తిరుగుతుంది. ఎండ మాడ్చేస్తోంది. అత్తయ్యను చౌరస్తా చుట్టూ ఉన్న బెర్నినీ స్తంభాల నీడలో ఒక రాతి మెట్టు మీద కూర్చోబెట్టి, మా వంతు దగ్గరపడ్డాక పిలిచాం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలనే నియమం ఉంది. మన చీరలకూ చుడీదార్లకూ ఏ ఇబ్బందీ లేదు, షార్ట్స్‌లో వచ్చిన మగవాళ్లనే వెనక్కి పంపుతుంటారు. లోపలికి వెళ్లగానే కుడిచేతి వైపు గ్లాసు వెనక మైకెలాంజెలో చెక్కిన పియెతా, అంటే చనిపోయిన యేసును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ శిల్పం ఉంటుంది. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక ఆ గ్లాసు పెట్టారు. చాలామంది పైన గోపురం చూస్తూ దాన్ని దాటి వెళ్లిపోతారు. మా మావయ్య మాత్రం మిగతా బసిలికా అంతా మానేసి దాని ముందే నిలబడ్డారు, మేం తిరిగొచ్చేదాకా అక్కడే ఉన్నారు. టూరు బస్సులో వచ్చుంటే ఆ అవకాశం ఎక్కడిది?

బుధవారం అయితే ముందే చూసుకోండి. పోప్ ఊళ్లో ఉంటే ఆ పొద్దున జనానికి దర్శనమిస్తారు, అది అయ్యేదాకా బసిలికా లోపలికి పంపరు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసేస్తారు. కొలోసియం టికెట్లు నెల రోజుల ముందు వదులుతారు. టైముతో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో కొనాలి. మన ఇంటిపేర్లు ముందో వెనకో తెలియక తికమకపడుతుంటాం కదా, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టండి.

రోమ్ విషయంలో ఆలోచించుకోమన్నది ఎందుకంటే, దారి కష్టమని కాదు, ఇటలీలో రైలు సమ్మెలు మామూలు. ముందుగానే ప్రకటిస్తారు, వారం ముందు ఒకసారి వెతికితే తెలిసిపోతుంది. పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్లు తప్పకుండా నడుపుతారు. అంటే వెళ్లడం సుఖంగా వెళ్తారు, మధ్యాహ్నం తిరిగి రావడానికే రైలు ఉండదు. మనకు కావాల్సింది సరిగ్గా ఆ మధ్యాహ్నం రైలే. సమ్మె ఉందని తెలిసినా, నాన్నగారికి ఆ రోజు నడవడం కష్టంగా ఉన్నా, షిప్ వాళ్ల దగ్గర గైడు లేని బస్సు ఉందేమో అడగండి. రోమ్‌లో దింపి, చెప్పిన టైముకు అదే చోట ఎక్కించుకొస్తారు. పూర్తి టూరు కంటే బాగా చవక, పైగా అది లేటైనా షిప్ ఆగుతుంది. టూర్ల లిస్టులో చివరెక్కడో ఉంటుంది, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పలెర్మోలో ఈ లెక్కలేవీ అక్కర్లేదు. షిప్ ఊరి నడుమే ఆగినట్టు ఉంటుంది. గేటు బయట మూడు చక్రాల బళ్లు వరసగా నిలబడి ఉంటాయి, దగ్గరికెళ్తే పియాజియో ఆపే, మన ఊళ్లలో తిరిగే ఆపే ఆటోకు అసలు పుట్టిల్లు ఇటలీయే కదా. పూల డిజైన్లు, రంగులు వేసి టూరిస్టులకు తిప్పుతారు. మా మావయ్య ముఖం వెలిగిపోయింది, బేరం కూడా ఆయనే ఆడారు. ఎక్కేముందే ఎంత, ఎన్ని గంటలు, మనిషికా బండికా అన్నది తేల్చుకోండి, కాగితం మీద అంకె రాయించుకుంటే ఇంకా మంచిది. 1897లో తెరిచిన మాస్సిమో థియేటర్, కెథెడ్రల్, నార్మన్ రాజుల కోటలో ఉన్న పాలతీనా చాపెల్ చూస్తే చాలు. ఆ చాపెల్ 12వ శతాబ్దంలో రెండో రోజర్ కట్టించింది. గోడల నిండా బంగారు మొజాయిక్‌లో క్రైస్తవ కథలు, పైన చెక్క కప్పు మాత్రం అరబ్ పనితనం. ఊరంతట్లో ఒక్కటే చూడగలిగితే అదే చూడండి.

అమ్మగారు శాకాహారులైతే పలెర్మోలో పానెల్లె అడగండి. శనగపిండి ఉడికించి, ఆరబెట్టి, పల్చటి ముక్కలుగా కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులు చల్లిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. మా అత్తయ్య బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసి పైన చల్లుకుని రెండోది అడిగారు. ఒక్క జాగ్రత్త: అదే కొట్లో పశువు ప్లీహం పెట్టిన బన్ను కూడా అమ్ముతారు, చూడ్డానికి బన్ను అదే. అరంచినె అనే బియ్యం ఉండల్లో కూడా చాలావాటిలో మాంసం ఉంటుంది. జెనోవాలో ఫారినాతా దొరుకుతుంది, అదీ శనగపిండితో చేసిన అట్టే, మొహమాటం లేకుండా తినొచ్చు.

మాల్టా రాజధాని వలెట్టాకు పొద్దున షిప్ రేవులోకి వచ్చేటప్పుడే అందరినీ లేపి పై డెక్‌కు తీసుకెళ్లండి. రెండు వైపులా తేనెరంగు రాతి కోటలు దగ్గరగా వస్తుంటే చూడటం ఏ టూరులోనూ ఉండదు. ఊరు కొండ మీద ఉంది కానీ రేవు నుంచి కొంచెం నడిస్తే పైకి లిఫ్టు ఉంది, అప్పర్ బరక్కా తోటలో దింపుతుంది. మధ్యాహ్నం 12కి అక్కడ ఫిరంగి పేలుస్తారు. సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్‌లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో గీసిన పెద్ద చిత్రం ఉంది, ఆదివారం మాత్రం టూరిస్టులకు మూసేస్తారు. ఇంగ్లిష్ అందరికీ వచ్చు. ఇక్కడ గైడుకు డబ్బు పెట్టడం శుద్ధ దండగ.

బార్సిలోనాలో పెద్ద షిప్పులు ఎక్కువగా ఆడోసాట్ అనే పొడవాటి గట్టు దగ్గర ఆగుతాయి. నడిచి రావద్దు, కొలంబస్ స్తంభం దాకా బస్సుంటుంది. అక్కడే ద్రాసానెస్ మెట్రో. సగ్రాదా ఫమీలియా అనే పెద్ద చర్చి టికెట్లు గేటు దగ్గర అమ్మరు, ఆన్‌లైన్లో టైముతో సహా ముందే కొనాలి. షిప్ చేరే టైముకు కనీసం రెండున్నర గంటల తర్వాతి స్లాటు పెట్టుకోండి. పొద్దున వెళ్తే తూర్పు అద్దాల్లోంచి నీలం, ఆకుపచ్చ వెలుగు పడుతుంది, మధ్యాహ్నం దాటాక పడమటి వైపు ఎరుపు, నారింజ. నాకు మధ్యాహ్నమే నచ్చింది, కానీ తిరుగు టైము చూసుకుని పొద్దున స్లాటే తీసుకోమంటాను. రాంబ్లా వీధిలో, మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ. నాన్నగారి పర్సు ప్యాంటు వెనక జేబులోంచి తీయించేయండి, ఆయన ఎంత వద్దన్నా సరే.

కాగితాల సంగతి. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే అయితే ఈ నాలుగు దేశాలకూ కలిపి పనికొచ్చే షెంగెన్ వీసా తప్పదు, హెచ్1బి ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. ఆగే రేవుల్లో ఎక్కువ ఇటలీవే కాబట్టి ఇటలీకే అప్లై చేయాలి, మల్టిపుల్ ఎంట్రీ అడగండి. అమ్మానాన్నల ఫ్లైటు క్రూజ్ బయల్దేరే రోజుకు పెట్టకండి, ముందు రోజే జెనోవాలో దింపండి. జెనోవాలో క్రూజ్ టెర్మినల్ పక్కనే ప్రిన్చిపె రైల్వే స్టేషన్, ఆ చుట్టుపక్కల హోటల్ తీసుకుంటే పెట్టెలు లాక్కుంటూ నడిచిపోవచ్చు. పాస్‌పోర్టు ఒరిజినల్ గదిలో పెట్టాలా, వెంట ఉంచుకోవాలా అన్నదాని మీద ఎవరి మాట వాళ్లది. నేను చొక్కా లోపలి సంచిలో వెంట ఉంచుకునే రకం. కొన్ని షిప్పుల్లో రిసెప్షన్ వాళ్లే తీసుకుని పెట్టుకుంటారు, అప్పుడు జిరాక్సు, ఫోన్లో ఫోటో చాలు.

మార్సెయ్ చివర్లో వస్తుంది కాబట్టి దాని మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. రేవు ఊరికి చాలా దూరం, నడిచే దారి కాదు. షిప్ వాళ్ల షటిల్‌కు మనిషికింత తీసుకుంటారు, నలుగురైతే టాక్సీ ఎంతవుతుందో కూడా అడిగి చూడండి. పాత రేవు దగ్గర దిగితే కొండ మీది నోత్రదామ్ ద లా గార్ద్ చర్చికి 60 నంబరు బస్సు గానీ, బొమ్మ రైలు లాంటి టూరిస్టు బండి గానీ ఎక్కొచ్చు. అప్పటికి అమ్మానాన్నలు అలసిపోయుంటే వాళ్లను షిప్‌లోనే ఉంచి మీరిద్దరూ వెళ్లి రండి. జనమంతా దిగిపోతారు కాబట్టి ఆ పూట షిప్‌లో ఈతకొలను దగ్గర కుర్చీలన్నీ ఖాళీ. మర్నాడు జెనోవాలో దిగాలి కాబట్టి పెద్ద పెట్టెలు ఆ రాత్రే గది బయట పెట్టమంటారు. మందులు, చార్జర్లు, పొద్దున వేసుకునే బట్టలు చేతిసంచిలోకి తీసుకున్నాకే తాళం వేయండి.