హెల్సింకి నుంచి పీటర్స్‌బర్గ్‌కి బైక్ మీద...

తమ్ముడూ, హెల్సింకి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి బండి మీద ఎలా దాటాలని అడిగావు. ఆ దారి మర్చిపో. ఫిన్లాండ్ 2023 డిసెంబరులోనే రష్యాతో రోడ్డు సరిహద్దు మూసేసింది. ఎస్తోనియాలో నార్వా దగ్గర కూడా 2024 ఫిబ్రవరి నుంచి నడిచి వెళ్లేవాళ్లనే వదులుతున్నారు.

చుట్టయినా సరే, నన్నడిగితే టర్కీ, జార్జియా మీదుగా పో. జార్జియా సరిహద్దు ఊరు కజ్బెగి దాటితే రష్యా వాళ్ల వెర్ఖ్నీ లార్స్ చెక్‌పోస్టు, అవతల రష్యా నగరం వ్లాదికవ్‌కాజ్. దారిలో జ్వారి కనుమ దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. చలికాలంలో మంచు ముంచెత్తితే రోడ్డు ఆపేస్తారు, అందుకని మే దాటాకే పెట్టుకో. చెక్‌పోస్టు దగ్గర లారీల బారు చూసి బెదిరిపోకు.

అసలు తలనొప్పి డబ్బు. 2022 మార్చి నుంచి బయటిదేశాల బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీల కార్డులు రష్యాలో పనిచేయవు. పెట్రోలుకైనా, గదికైనా నగదే. రూబుళ్లలోకి మార్చుకోడానికి నలగని, గీతల్లేని యూరో నోట్లు ఉంచుకో. కస్టమ్స్ వాళ్లు బండికిచ్చే కాగితంలో, బండి రష్యాలో ఉండొచ్చే గడువు తేదీ అక్కడే సరిచూసుకో.