యోనా కథలో ఏది కలపవచ్చు, ఏది కలపకూడదు?

ప్రశ్న: మిత్రులం కొందరం కలిసి యోనా కథను ఇంటిల్లిపాదీ చూడదగిన యానిమేషన్ చిత్రంగా తీయాలనుకుంటున్నాము. బైబిలులో లేని పాత్రలను, సంభాషణలను చేర్చడం తప్పవుతుందా? చిన్నపిల్లలు భయపడే ఘట్టాలను తీసివేయడం మంచిదా?

జవాబు: ఏదీ చేర్చకుండా బైబిలు కథను చిత్రంగా తీయడం ఎవరికీ సాధ్యం కాదు. నోవహు కథనే చూడండి. ఓడ కొలతలు మూరలతో సహా ఉన్నాయి, వర్షం 40 రోజులు కురిసిందని, నీళ్లు 150 రోజులు నిలిచాయని లెక్క ఉంది, కాని జలప్రళయం ముగిసి ద్రాక్షతోట వేసేదాకా నోవహు నోటి మాట ఒక్కటైనా బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండంలో కనిపించదు. ఆయన భార్య పేరు కూడా లేదు. అటువంటి చోట రచయిత మాటలు కల్పించక తప్పదు. అయితే గ్రంథం చెప్పనిదాన్ని పూరించడం వేరు, చెప్పినదాన్ని మార్చడం వేరు. మోషేను పెంచుకున్నది ఐగుప్తు రాజైన ఫరో కుమార్తె అని బైబిలు రెండో పుస్తకమైన నిర్గమకాండం చెబుతుండగా, 1998లో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ చిత్రం ఆమెను ఫరో భార్యగా మార్చింది. దానివల్ల మోషే, తర్వాతి ఫరో అన్నదమ్ముల్లా పెరిగి శత్రువులయ్యారన్న బాధ కథకు చేరింది. ఆ చిత్రం మొదట్లోనే కథలో కొంత స్వేచ్ఛ తీసుకున్నామని ప్రకటించి, మూలకథ నిర్గమకాండంలో ఉందని చెప్పింది. మార్పు చేసేవారికి కనీసం అంతటి నిజాయితీ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

భయపెట్టే ఘట్టాలను తీసివేయవద్దు. వాటిని ఎవరి కళ్లతో చూపాలి, ఎంతసేపు చూపాలి అన్నది మాత్రం ఆలోచించండి. అదే చిత్రంలో ఫరో చేయించిన హెబ్రీ శిశువుల వధను మోషే కలగా, గోడమీది ఐగుప్తు బొమ్మలు కదిలినట్లుగా గీశారు; రక్తం కనిపించదు, దారుణం మాత్రం పసివారికీ అర్థమవుతుంది. గీత తీరును మార్చి చూపే ఈ వెసులుబాటు యానిమేషన్‌కు ఉన్నంతగా నటులతో తీసే చిత్రానికి ఉండదు.

ఇక మీ యోనా. నీనెవె నగరానికి వెళ్లి దాన్ని హెచ్చరించమని దేవుడు చెబితే, వెళ్లక ఓడ ఎక్కి పారిపోయిన ప్రవక్త అతడు. తుపానులో ఓడవారి పేర్లు గ్రంథంలో లేవు, కాని వారి మంచితనం ఉంది: తనను సముద్రంలో పడవేయమని యోనా స్వయంగా చెప్పినా, వారు వెంటనే ఆ పని చేయక ఓడను దరికి చేర్చాలని తెడ్లు వేశారు. వారిలో ఒక చిన్న కుర్రవాణ్ణి కల్పించి, తుపానునంతా అతని కళ్లతో చూపించండి. మూలానికి ఏ లోటూ రాదు. సముద్రంలో పడిన యోనాను మింగినది తిమింగిలమని కూడా గ్రంథం చెప్పదు, గొప్ప మత్స్యమనే అంటుంది, కాబట్టి దాని రూపం మీ చిత్రకారుల ఊహకే వదిలినట్లయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది యోనా గ్రంథంలో చివరిదైన నాలుగో అధ్యాయం. నీనెవె ప్రజలు పశ్చాత్తాపపడటంతో ముగిస్తే కథ సుఖాంతమవుతుంది గనుక, దాన్ని వదిలివేయాలని మీకు తప్పక అనిపిస్తుంది. కాని యోనా కోపమంతా అక్కడే ఉంది. శిక్ష పడవలసినవారికి క్షమ దొరికిందని అతడు చచ్చిపోవాలన్నంతగా అలుగుతాడు. నీడనిచ్చిన సొరచెట్టును పురుగు తొలిచి, అది ఎండిపోతే దానికోసం మళ్లీ కోపగిస్తాడు. తనను ఏడిపించిన తోటిపిల్లవాణ్ణి పెద్దలు మన్నించినప్పుడు ఏ పిల్లకైనా కలిగే ఉక్రోషమే అది. చేప కడుపులోని మూడు దినాలకంటె పిల్లలకు ఇదే దగ్గరగా తోస్తుంది. కుడియెడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైబడిన జనమూ, అన్ని పశువులూ ఉన్న నగరాన్ని చూసి నేను జాలిపడకూడదా అన్న దేవుని ప్రశ్నతో ఆ పుస్తకం ముగుస్తుంది. యోనా ఏమన్నాడో లేదు. నోవహు మౌనాన్ని పూరించక తప్పదన్నాను, కాని ఈ మౌనం అటువంటిది కాదు, ఇది కావాలని ఉంచినది. మీ చిత్రంలో యోనా చేత ఇక్కడ జవాబు చెప్పించకండి; ఆ ప్రశ్న వినిపించాక అతని ముఖాన్ని కాసేపు చూపి, తెర మూసివేయండి.