అప్రెంటిస్‌షిప్ దరఖాస్తు మీది, ఓటీపీ ఎవరికి?

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాను. నెట్ సెంటర్‌లో అప్రెంటిస్‌షిప్‌కి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. కంపెనీ వాళ్లు లాగిన్ అయి కాంట్రాక్టుకు ఒప్పుకోమంటున్నారు. నా ఫోన్‌కి ఓటీపీ రావడం లేదు.

ఓటీపీ వస్తూనే ఉండి ఉంటుంది, నెట్ సెంటర్ ఫోన్‌కి. పని తొందరగా అయిపోతుందని వాళ్ల మొబైల్ నంబరు, వాళ్ల మెయిల్ ఐడీ వేసి ఫారం నింపేస్తారు. పక్కనే కూర్చున్న అభ్యర్థి అదేమిటని అడగడు. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉన్నాయి, వచ్చిన ప్రతిసారీ కోపం వస్తోంది. మీ ఆధార్, మార్కుల మెమో, బ్యాంకు ఖాతా నంబరు ఉన్న ప్రొఫైల్‌కి తాళంచెవి ఇంకొకరి జేబులో ఎందుకుండాలి?

ఇవాళే ఆ సెంటర్‌కి వెళ్లండి. వాళ్ల ఎదురుగానే లాగిన్ అయి మొబైల్, మెయిల్ రెండూ మీవి పెట్టుకుని, పాస్‌వర్డ్ మార్చుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, వాట్సాప్ చాట్‌లో మిగిలిపోయిన మీ సర్టిఫికెట్లను డిలీట్ చేయించండి. వాళ్లు సహకరించకపోతే పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కి రాయండి, గడువు దాటకుండా కంపెనీ హెచ్‌ఆర్‌కి కూడా విషయం చెప్పి ఉంచండి. కంగారుపడి వేరే నంబరుతో రెండో ప్రొఫైల్ మాత్రం తెరవొద్దు. ఉన్నది ఒక్క ఆధారే కాబట్టి అది ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది.

కుర్రవాళ్లు నెట్ సెంటర్ మెట్లెక్కడానికి అసలు కారణం మాత్రం ఈ ఫారాలు తయారుచేసేవాళ్లే. ఫొటో ఇన్ని కేబీలే, సంతకం ఇంకా తక్కువ. ఎక్కువైతే ‘ఎర్రర్’ అంటుంది, ఎక్కడో చెప్పదు. స్కాన్ చేసుకుని వచ్చేసరికి సెషన్ అయిపోయి, నింపిందంతా పోతుంది. దరఖాస్తు పెట్టేవాళ్లలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ ఉండదు, ఉన్నది ఫోనే. ఆ ఫోన్‌లో ‘సబ్మిట్’ బటన్ స్క్రీన్ అంచు దాటిపోయే సైట్‌ని జనం మీదికి ఎలా వదులుతారు? ఫొటోని కుదించే పని సర్వరే చేసుకోగలదు. అంతవరకు నింపింది సేవ్ చేయడం కూడా కొత్త విద్యేమీ కాదు. ఇంత నిర్లక్ష్యంగా కట్టిన ఫారాల వల్లే మధ్యలో ఏజెంట్లు పుట్టుకొస్తున్నారు.

ప్రశ్న: ‘మీరు సెలక్ట్ అయ్యారు’ అంటూ వాట్సాప్‌లో లెటర్ వచ్చింది. ఫీజు కట్టి, వాళ్లు పంపిన యాప్‌లో వివరాలు నింపమంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. ఆ యాప్‌ని ముట్టుకోవద్దు.

ఫీజు కింద పోయేది ఒక్కసారి పోయే డబ్బు. నాకు అంతకంటే భయం ఆ ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా పంపే యాప్) అంటేనే. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చారా, మీ బ్యాంకు ఓటీపీలు మీరు చూసేలోపే అవతలివాడికి చేరతాయి. యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇస్తే, మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలడు, మీ బదులు బటన్లు నొక్కగలడు. స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించినా ప్రమాదం తక్కువేం కాదు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మనిషి ‘అలో’ అని ఎన్నిసార్లయినా నొక్కుతాడని వాళ్లకి బాగా తెలుసు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే అంత మంచిది. ఆ తర్వాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే సరిపోదు.

అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాల్సింది కంపెనీ. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అందులో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే. మీరు ఎవరి దయా అడుక్కోవడం లేదు, డిపాజిట్ ఎందుకు కడతారు?

సైట్ అడ్రస్ చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉండాలి, ఆ ‘గవ్’కి ముందు కూడా చుక్కే ఉండాలి. చుక్క బదులు చిన్న గీత ఉంటే అది ప్రభుత్వ సైట్ కాదు. తాళం గుర్తు చూసి మోసపోకండి, మీకూ సైట్‌కీ మధ్య సమాచారం ఎన్‌క్రిప్ట్ అవుతోందని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగ సైటైనా తాళం కనిపిస్తుంది. ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో, డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్ పోర్టల్లో లాగిన్ అయి చూడండి. వాట్సాప్‌లో ఏ లెటర్ వచ్చినా, పోర్టల్లో కాంట్రాక్టు కనిపించకపోతే మీరు సెలక్ట్ కానట్టే లెక్క.

ప్రశ్న: కంపెనీ ఇచ్చే స్టైపెండ్ వస్తోంది, ప్రభుత్వ వాటా రావడం లేదు. బ్యాంకులో ఆధార్ ఇచ్చాను కదా?

ఇవ్వడం వేరు, సీడింగ్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌తో ముడిపెట్టడం) వేరు. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్ ద్వారా చేరినవాళ్లకి ప్రభుత్వ వాటా స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి గరిష్ఠంగా రూ.1,500. అది ఆధార్‌తో సీడింగ్ అయిన ఖాతాకే వెళ్తుంది. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే చివరిగా సీడింగ్ చేసిన దానికి వెళ్తుంది. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో డబ్బు పడి ఉండొచ్చు, ముందు ఆ పాస్‌బుక్ అప్‌డేట్ చేయించండి.