సావరిన్ హిల్‌కి వెళ్తున్నావుగా తమ్ముడూ, ఇది చదువుకుని వెళ్లు

తమ్ముడూ,

జూలైలో మెల్‌బోర్న్ వెళ్తున్నారని, మేనల్లుడు మిమ్మల్ని బల్లారట్‌లో సావరిన్ హిల్ మ్యూజియం చూపిస్తానన్నాడని మరదలు ఫోన్లో చెప్పింది. అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు నేను రెండుసార్లు వెళ్లొచ్చాను, అందుకే ఇంత చెబుతున్నా.

అక్కడ జూలై అంటే గట్టి చలికాలం. పర్లాకిమిడిలో వేసుకునే పల్చటి స్వెట్టరు చాలదు, ఉన్ని టోపీ, మేజోళ్లు, బూట్లు ఉండాలి. చెప్పులతో వెళ్లకు, వీధులన్నీ మట్టివే. అది నాలుగ్గోడల మధ్య అద్దాల బీరువాలు పెట్టిన మ్యూజియం కాదు, 1851లో అక్కడ బంగారం దొరికాక జనం ఎగబడి వచ్చి కట్టుకున్న ఊరిని మళ్లీ కట్టి 1970లో తెరిచారు. కొట్లు, గుర్రబ్బళ్లు, ఆ కాలం బట్టల్లో మనుషులు. తెరిచే వేళకే వెళ్లండి, రోజంతా పడుతుంది. గనిలోకి దిగేముందు మెట్లెన్ని ఉన్నాయో అడుగు, నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

వాగు దగ్గర పళ్లెం ఇస్తారు, ఇసక కడిగి బంగారం వెతుక్కోవచ్చు, దొరికిన రవ్వ మనదే. అందరూ గబగబా తిప్పి రాళ్లతోపాటు బంగారాన్నీ ఒలకబోసేస్తారు. మరదలికి ఇవ్వు పళ్లెం. అమ్మ బియ్యం గాలించేది చూడు, నీళ్లలో మెల్లగా ఊపుతూ పైవి వదిలేస్తే బరువైన రాళ్లు అడుగున నిలిచేవి, సరిగ్గా అదే పని. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, ఇసక రెండున్నర రెట్లే, అందుకే తొందరపడకపోతే అడుగునే ఉంటుంది. 1858లో అక్కడే 69 కిలోల ముద్ద దొరికింది, దాని కథ గనిలో చెబుతారు.

కానీ తమ్ముడూ, ఎక్కువసేపు కూర్చోవలసింది చైనావాళ్ల గుడారాల దగ్గర. పిల్లలు బంగారం కరిగించి పోయడం చూద్దామని లాగుతారు, అదీ చూడండి, కానీ ఇక్కడ అరగంటైనా ఆగండి. బంగారం కోసం వచ్చే వాళ్ల రాకను ఆపాలని 1855లో విక్టోరియా (మెల్‌బోర్న్, బల్లారట్ ఉన్న రాష్ట్రం) ప్రభుత్వం దిగే ప్రతి చైనావాడి మీదా 10 పౌండ్ల పన్ను వేసింది. అది తప్పించుకోవడానికి వాళ్లు పక్క రాష్ట్రంలో రోబ్ అనే రేవులో దిగి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి గనుల దగ్గరికి చేరారు. అంటే మన బరంపురం నుంచి సామర్లకోట దాకా, భుజాన కావడితో. అలా దిగినవాళ్లు పదహారు వేలమందికి పైనే.

అది విన్నాక నాకు తాతయ్యే గుర్తొచ్చాడు. గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్లి, ఆ రేవులో మూటలు మోసి, ఏడాదికోసారి డబ్బు పంపేవాడని నాన్న చెప్పేవారు కదా. గుడారంలో చాప, చిన్న కుంపటి, గిన్నె, ఇంకేమీ లేవు. నాకు కళ్లు చెమర్చాయి. తాతయ్య ఉన్న గదీ ఇలాగే ఉండి ఉంటుంది అనిపించింది. మేనల్లుడికి ఆయన గురించి ఏమీ తెలీదు, నువ్వెప్పుడూ చెప్పలేదు. అక్కడే కూర్చోబెట్టి చెప్పు.

మరదలు పళ్లెం పట్టుకున్నప్పుడు ఫోటో తీసి పంపు.

మీ అక్క,
బరంపురం