స్విచ్‌లో రింగ్ ఫిట్ ఆడితే నిజంగా ఫిట్ అవుతామా? జిమ్ మానేయొచ్చా?

పిల్లల కోసం కొన్న నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ మెషిన్ ఇంట్లో ఉంది, రింగ్ ఫిట్ అడ్వెంచర్ కొంటే జిమ్ లేకుండా సరిపోతుందా, షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి బరువు కూడా తగ్గాలి, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా చేయొచ్చా అని అడిగారు. ఫిట్ అవుతారండీ, అందులో నాకు అనుమానం లేదు. బరువు సంగతి మాత్రం ఈ ఆట మీద వదిలేయకండి. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ పరిస్థితి అచ్చంగా నాదే: నలభై దాటిన వయసు, రోజంతా కుర్చీలో ఉద్యోగం, ఇంటికి రాగానే వంట, పిల్లల హోంవర్క్, జిమ్‌కి వెళ్ళి రావడానికే గంట పోయే హైదరాబాద్ ట్రాఫిక్.

ముందు అదేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది ఒళ్ళు కదిలిస్తూ ఆడే స్విచ్ ఆట, 2019 అక్టోబర్‌లో వచ్చింది. డబ్బాలో ఒక గట్టి చక్రం, తొడకి కట్టుకునే ఒక పట్టీ ఉంటాయి. స్విచ్‌కి పక్కన ఉండే రెండు జాయ్-కాన్‌లలో (చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లు) కుడిది చక్రంలో దూర్చాలి, ఎడమది పట్టీలో పెట్టి ఎడమ తొడకి కట్టుకోవాలి. మీరు నిలబడ్డచోటే పరిగెడితే తెర మీద బొమ్మ పరిగెడుతుంది, మోకాళ్ళు పైకి ఎత్తితే మెట్లెక్కుతుంది. దారిలో రాక్షసులు ఎదురైతే గుంజీల్లాంటి స్క్వాట్లు, ప్లాంక్, వీరభద్రాసనం, వృక్షాసనం, ఇలా మీరు ఎంచుకున్న వ్యాయామం చేస్తేనే దెబ్బ తగులుతుంది. చేతులవి ఎరుపు, పొట్టవి పసుపు, కాళ్ళవి నీలం, యోగావి ఆకుపచ్చ. కొంత దూరం వెళ్ళాక ఏ రంగు రాక్షసుడికి ఆ రంగు వ్యాయామం చేస్తేనే దెబ్బ గట్టిగా పడుతుంది. నాకు ఈ ఏర్పాటు ఎందుకు నచ్చిందంటే, మనకి ఇష్టంలేని వ్యాయామాన్ని తప్పించుకోనివ్వదు. నాకు కాళ్ళవి చేయడం బరువుగా ఉండేది, వదిలేస్తే నీలం రాక్షసులు ఎంతకీ చావరు, ఇక చేయక తప్పదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఆటతో మీకు ఫలితం వస్తుందా రాదా అన్నది ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది, అది డిఫికల్టీ. మొదట్లో మీ వయసు, బరువు, వ్యాయామం అలవాటు ఉందా లేదా అని అడిగి, చక్రాన్ని గట్టిగా నొక్కించి మీ బలం కొలిచి, దాన్ని బట్టి తనే ఒక అంకె పెడుతుంది. అది 30 దాకా వెళుతుంది. అంకె పెరిగితే ఒక్కో రాక్షసుణ్ణి ఓడించడానికి చేయాల్సిన స్క్వాట్ల సంఖ్య పెరుగుతుంది. కథ ముందుకు సాగుతుంటే కష్టపడుతున్నామనే అనిపిస్తుంది, కానీ ఒంటికి అలవాటైపోయిన అంకెలోనే నెలల తరబడి ఉండిపోతే శరీరానికి మారాల్సిన అవసరం రాదు. కండరానికి మొన్నటికంటే ఇవాళ కాస్త ఎక్కువ పని తగిలితేనే అది బలపడుతుంది, జిమ్‌లో బరువులు పెంచుతూ పోయేది అందుకే. కాబట్టి చివరి రెండు మూడు స్క్వాట్లు సులువుగా అయిపోతున్నాయి అనిపించిన రోజున అంకె ఒకటి పెంచండి. ఎవరూ అడగరు కదా అని వదిలేయొద్దు. ఆట కూడా అప్పుడప్పుడూ పెంచమంటారా అని అడుగుతుంది, సరే అనండి.

లెవెల్ అయిపోయాక బొటనవేలు కుడి జాయ్-కాన్ కింద ఉండే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా మీద పెడితే నాడి కొలుస్తుంది. దాన్ని మరీ ఖచ్చితమైన లెక్కగా పట్టుకోకండి, దానికంటే మాట పరీక్ష మేలు: ఆడుతుండగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా ఉంటే మీరు మధ్యస్థ శ్రమలో ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి ఈ స్థాయి శ్రమ 150 నుంచి 300 నిమిషాలు ఉండాలి, దానితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం ఉండాలి. రింగ్ ఫిట్ ఆ రెండో సగాన్ని బాగా అందుకుంటుంది, మన ఆడవాళ్ళలో చాలామంది అసలు ముట్టుకోని సగం అదే. పొద్దున నడుస్తాం, అది మంచిదే, కానీ చేతులకీ వీపుకీ నడుముకీ ఏమీ ఉండదు. ఒక్కటి గమనించండి, తెర మీద కనిపించే సమయం మీరు కదిలిన సమయం మాత్రమే. పదిహేను నిమిషాలు అని చూపిస్తే గడియారంలో అరగంట దాకా పోతుంది, అందుకు తగ్గట్టు పొయ్యి మీద కుక్కర్ పెట్టే టైం చూసుకోండి.

నాలో వచ్చిన తేడా చెప్పాలంటే, లిఫ్ట్ ఆగిపోయిన రోజు కూరగాయల సంచులతో మూడో అంతస్తు ఎక్కి, ఆయాసపడకుండా తాళం తీసుకుని లోపలికి వెళ్ళగలిగాను. సాయంత్రానికి నడుం పట్టేసే బాధ బాగా తగ్గింది. బియ్యం బస్తా జరపడానికి ఎవరినీ పిలవడం లేదు. అద్దంలో పెద్దగా ఏమీ కనపడలేదు, నాకు అది పర్వాలేదు కూడా.

ఇక బరువు. చిన్న లెక్క వేస్తాను. 65 కిలోల మనిషి మధ్యస్థ శ్రమలో అరగంట నిజంగా కదిలితే సుమారు 160 కేలరీలు ఖర్చవుతాయి. అంటే చిన్న కప్పు అన్నం. ఆట అయ్యాక ఆకలేసి రెండు జంతికలు ఎక్కువ తింటే ఆ లెక్క అక్కడికక్కడే సరి. అందుకే బరువు తగ్గేది వంటింట్లో, రాత్రి రెండోసారి అన్నం వడ్డించుకోవడం తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచినప్పుడు. అలాగని ఆట దండగ అనుకోవద్దు. బోర్డర్‌లో షుగర్ ఉన్నవాళ్ళకి తూకంలో ముల్లు కదలకపోయినా లాభం ఉంది, ఎందుకంటే పని చేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజ్‌ని తనలోకి లాక్కుంటుంది, వ్యాయామం అయ్యాక కూడా కొన్ని గంటలపాటు ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. అందుకని వారమంతా మానేసి ఆదివారం గంటన్నర ఆడటం కంటే రోజు విడిచి రోజు ఆడటం మీకు ఎక్కువ ఉపయోగం. వరుసగా రెండు రోజులు ఖాళీ పోనివ్వకండి.

"ఇవన్నీ ఆటలే కదా, వ్యాయామం ఎలా అవుతుంది" అని ఇంట్లో అంటారు, మీ ఇంట్లోనూ అని ఉంటారు. ఆ ప్రశ్న కొత్తది కాదు. 2007 చివర్లో జపాన్‌లో, నింటెండో పాత గేమ్ మెషిన్ వీ (Wii) కోసం వీ ఫిట్ అనే ఆట వచ్చింది, బ్యాలెన్స్ బోర్డ్ అనే పలక మీద నిలబడి చేసేది. అప్పట్లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ అనే సంస్థ విస్కాన్సిన్‌లోని లా క్రాస్ విశ్వవిద్యాలయం వాళ్ళతో పరీక్షలు చేయించింది. వీ ఫిట్‌లోని వ్యాయామాల కంటే అవే వ్యాయామాలు విడిగా చేస్తే ఎక్కువ శక్తి ఖర్చవుతోందని తేలింది. వ్యాయామం పేరే పెట్టుకోని వీ స్పోర్ట్స్ అనే మరో ఆటలో మాత్రం బాక్సింగ్ బాగా శ్రమ పెట్టింది. అంటే డబ్బా మీద ఫిట్ అని రాసి ఉందా లేదా అన్నది కాదు, ఊపిరి వేగం పెరుగుతోందా, కండరం అలుస్తోందా అన్నదే చూడాలి. రింగ్ ఫిట్ ఈ రెండూ చేయిస్తుంది కాబట్టే నేను దాన్ని సిఫార్సు చేస్తున్నాను. చేతులు మాత్రమే ఊపించే ఆటలైతే చేయను.

జిమ్ మానేయొచ్చా అంటే, ఇప్పుడు మీరు జిమ్‌కి వెళ్తున్నారా? డబ్బు కట్టి వెళ్ళకుండా ఉంటే మానేయండి, నష్టం లేదు. వెళ్తుంటే మాత్రం మానకండి. ఈ చక్రం ఇచ్చే ప్రతిఘటనకి ఒక హద్దు ఉంది, నేల మీంచి బరువు ఎత్తడం లాంటివి ఇందులో లేవు. బాగా బలం వచ్చాక ఎప్పుడో ఒకప్పుడు రెండు డంబెల్స్ కొనుక్కోవాల్సిందే.

మన ఇళ్ళకి సంబంధించిన సంగతులు కొన్ని, ఇవి పెట్టె మీద రాసి ఉండవు. ఫ్లాట్‌లో ఉంటే సైలెంట్ మోడ్ పెట్టుకోండి, అప్పుడు పరుగు బదులు మోకాళ్ళు కొద్దిగా వంచి లేస్తే సరిపోతుంది, కింది ఇంటివాళ్ళకి చప్పుడు ఉండదు, పైగా తొడలకి పరుగుకంటే ఎక్కువ పని పడుతుంది. టైల్స్ మీద చెమట పడితే జారతారు, యోగా మ్యాట్ తప్పనిసరి. చక్రం నెత్తి మీదకి ఎత్తి నొక్కే వ్యాయామాలుంటాయి, ఫ్యాన్ కిందే నిలబడకుండా కాస్త పక్కకి జరగండి. తొడ పట్టీ వదులు చుడీదార్ మీద, నైటీ మీద నిలవదు, జారిపోయి కదలిక సరిగ్గా అందదు, లెగ్గింగ్ కానీ ట్రాక్ ప్యాంట్ కానీ వేసుకోండి. కరెంట్ పోతే స్విచ్‌ని డాక్ (టీవీకి కలిపే స్టాండు) నుంచి తీసి స్టూలు మీద నిలబెట్టి చిన్న తెర మీదే కొనసాగించొచ్చు. మే నెలలో మాత్రం పొద్దున్నే ఆడండి, మధ్యాహ్నం వేడిలో వద్దు.

కొనేముందు మీ పిల్లల స్విచ్ ఏ రకమో చూడండి. లైట్ మోడల్ అయితే జాయ్-కాన్‌లు ఊడిరావు, టీవీకి కూడా తగలదు, విడిగా జాయ్-కాన్‌లు కొనాలి. స్విచ్ 2 అయినా పాత స్విచ్ జాయ్-కాన్‌లే కావాలి, కొత్తవాటితో ఈ ఆట ఆడలేం. ఇక్కడ చాలావరకు దిగుమతి సరుకే దొరుకుతుంది కాబట్టి వారంటీ సంగతి ముందే అడగండి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే చక్రమూ పట్టీ రెండూ ఉన్నాయో లేదో కళ్ళతో చూసి తీసుకోండి. చాలామంది కొన్నాళ్ళు ఆడి అమ్మేస్తారు, మంచి ధరకే దొరుకుతుంది.

షుగర్‌కి మాత్రలు ఏమైనా వాడుతుంటే మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పండి, కొన్ని మందుల మీద ఉండగా శ్రమ చేస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. భోజనం చేసిన వెంటనే ఆడకండి. మొదటి వారం తొడలు విపరీతంగా నొప్పెడతాయి, రెండో రోజు ఇంకా ఎక్కువ ఉంటుంది, అది మామూలే, దానంతటదే పోతుంది. కీలు దగ్గర పొడిచినట్టు వచ్చే నొప్పి మాత్రం వేరు, అది వస్తే ఆపేయండి.

మీ అత్తగారి విషయానికి వస్తే, కథ ఆడించకండి. మోకాళ్ళకి అసిస్ట్ అని సెట్టింగ్ ఉంది, మోకాళ్ళ వ్యాయామాల్ని తేలిక చేస్తుంది, అయినా అరిగిన మోకాళ్ళకి ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించడమే సరైన పని. ఆవిడకి పనికొచ్చేది మల్టీటాస్క్ మోడ్. టీవీలో ఆట పెట్టక్కర్లేదు, చక్రంలో జాయ్-కాన్ ఉంటే చాలు, కుర్చీలో కూర్చుని సీరియల్ చూస్తూ నొక్కుతూ ఉంటే అదే లెక్క పెట్టుకుంటుంది, తర్వాత ఆట తెరిచినప్పుడు అందులో కలుస్తుంది. మొదటిసారి పిల్లల చేత పెట్టించండి, వాళ్ళు నానమ్మకి నేర్పుతారు. భుజాలకీ చేతుల పట్టుకీ మంచిది. ఆవిడకి బీపీ కూడా ఉంటే నొక్కేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దని, నొక్కుతూ వదలమని చెప్పండి, మొదట్లో పక్కన కూర్చుని చూసుకోండి.